పట్టు కుదిరిన విల్లు

*కల్వకుర్తి వడ్లదుకాణము మొదలుకొని నల్లమల పెంటదాక: కొయ్యను మనిషి చేతికి ఒదిగించు విద్య, దాని వెనుకటి చరిత్ర, ముందున్న దారి*

ఎండ యింకను ముదరని ఉదయవేళ, కల్వకుర్తిలో వేపచెట్టు నీడ నానుకొనియున్న ఒక వడ్లదుకాణమున, అనగా వడ్రంగి పనితావున, బాడిసె పట్టి పట్టి అరచేయి కాయలు కాచిన వృద్ధుడొకడు, మోకాళ్ల నడుమ మూరెడు టేకుముక్కను అదిమిపట్టుకొని కూర్చున్నాడు. ఎదుట మనుమని యీడు కాలేజీ కుఱ్ఱవాడు నిలిచియున్నాడు. ఆ టేకుముక్క విల్లునకు నడిమి పిడి. దానికి పైన నొకటి, క్రింద నొకటి వెదురురెక్కలు బిగించవలసియున్నది. వృద్ధుడు దీపపుమసి యించుక తీసి కుఱ్ఱవాని అరచేతికి రాచి, పిడిని గట్టిగా పట్టి వదలుమన్నాడు.

"ఏడ గుచ్చుతున్నది బిడ్డా?"

"ఈడ తాతా, బొటనేలు కింద."

"నువ్వు సెప్పకముందే మసి సెప్పింది. ఒత్తుకున్న కాడ నల్లగైంది సూడు. ఆడనే గీకాలె, కడమది ముట్టొద్దు."

ఆకురాయి నాలుగుమారులు నడచినది. మరల మసి, మరల పట్టు, మరల ఆకురాయి. ఒకచోట చుక్కగా అంటిన మసి క్రమక్రమముగ పరచుకొని, తుదకు అరచేయి యంతయు పలుచగ అచ్చు పడినప్పుడు గాని ఆ ముసలివాడు పిడిని క్రింద పెట్టలేదు.

విలువిద్య యిప్పుడు మన పిల్లల నోట నలుగుచున్న మాట. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో వెన్నం జ్యోతి సురేఖ మూడు స్వర్ణపతకములు గెలిచినది. 2025 ఆగష్టులో కెనడాలోని విన్నిపెగ్ నగరమున, పెద్దపల్లి జిల్లా బిడ్డ తానిపర్తి చికిత యువజన ప్రపంచపోటీలలో కాంపౌండ్ విభాగపు స్వర్ణమును అందుకొన్నది. అదే సంవత్సరము అక్టోబరులో ఢిల్లీలో జరిగిన ఆర్చరీ ప్రీమియర్ లీగులో కాకతీయ నైట్స్ అను పేర తెలంగాణ జట్టొకటి బరిలోనికి దిగినది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్సులో కాంపౌండ్ విల్లునకును చోటు దొరకినది. పతకమును గూర్చియు, పతకము తెచ్చిన పిల్లలను గూర్చియు పత్రికలు తగినంత వ్రాసినవి. ఆ విల్లు చేతికి ఎట్లు ఒదుగును, కొయ్య మనిషి యొడలికి లోబడి ఎట్లు మెత్తబడును అను సంగతి మాత్రము వ్రాతకెక్కలేదు. ఆ విద్య యెరిగినవారు మన యూళ్లలోనే, మన యడవి యంచుననే యున్నారు గనుక, ఈ వారము వారి మాట చెప్పుకొనుట ధర్మము.

దేహమే కొలబద్ద

పాలమూరు మెట్టసీమలో కొయ్యపనిముట్టు ఏదియు అంగడిలో కొనితెచ్చిన కొలతతో పుట్టలేదు. నాగలి మేడి రైతు నడుమెత్తునకు తగియుండవలెను. గొడ్డలికామ కొట్టువాని మోచేతి పొడవునకు తగియుండవలెను. పారపిడి, కొడవలిపిడి, రోకలి, కవ్వము, అన్నియు వాడు మనిషిని నిలువబెట్టి చూచి చేసినవే. పొట్టివానికి చేసిన మేడిని పొడుగరి పట్టినచో మధ్యాహ్నమునకు నడుము విరుగును. కావుననే వడ్లవాడు రైతును ఇంటికి పిలిచి, "జర నిలబడు పటేలా" అని చూపుతోనే కొలత తీసికొనెడివాడు.

విల్లునకు ఈ నియమము మరింత కఠినము. తీగను ఎంతదూరము లాగగలమన్నది చేతుల పొడవునుబట్టి, ఛాతి వెడల్పునుబట్టి యుండును. ఆ దూరమునకు మించి లాగబడు విల్లు విరుగును. తగ్గి లాగబడు విల్లు తనలోని బలమును దాచుకొనును. పిడిలో వెంట్రుకవాసి వంకర యున్నను మణికట్టు ఆ వంకకు తిరుగును, బాణము గురి తప్పును. అందువలననే నేడు లోహపు విండ్లు పట్టుచున్న క్రీడాకారులలో సైతము అనేకులు, తక్కిన దంతయు యంత్రశాలకు విడిచి, చేయి తాకు పిడిని మాత్రము కొయ్యతో చేయించుకొని, తమ యరచేతికి తగినట్లు తామే అరగదీసికొనుచున్నారు.

చేతివింటికే కాదు, యంత్రధనుస్సునకును ఇదే నియమము. ఇనుపకమ్మినో కొయ్యబద్దనో అడ్డముగ బిగించి, మీట నొక్కి వదలు యంత్రధనుస్సునకు, తుపాకికున్నట్లే, భుజమున కానించు పొడవైన కొయ్యదిమ్మ యుండును. దానిని మలచువారు మొట్టమొదట చూచునది మీట మొదలుకొని భుజమునకు తాకు మడమదాక గల దూరము. అది పొడవైనచో మెడ సాగవలసివచ్చును. కురుచయైనచో బొటనవ్రేలు ముక్కునకు తగులును. చెంప ఆనుచోటు కొద్దిగ ఎత్తుగా నుండి, తల వంచిన క్షణముననే కన్ను గురిగీతకు సరిగ నిలువవలెను. అన్నిటికంటె ముఖ్యము ముందుచేతి పట్టు: తీగ పరుగెత్తు దారికి బొటనవ్రేలు ఎన్నడును పైకి రాకుండ, కొయ్యలోనే ఒక గట్టు నిలుపవలెను. ఆ గట్టు లేని దిమ్మ పట్టినవాడు, తీగ విడిచిన క్షణమున వ్రేలు కోల్పోవచ్చును. అలంకారముగ తోచు చెక్కడములో అర్ధభాగము నిజమునకు రక్షణయే.

> కౌటిల్యుని ఆయుధాగారము
>
> అర్థశాస్త్రము విండ్లను చేయు ద్రవ్యములు నాలుగింటిని పేర్కొన్నది: తాడి, వెదురు, కొయ్య, కొమ్ము.
>
> అల్లెత్రాటికి చెప్పినవి ఆరు: చాగనార, జిల్లేడునార, జనుపనార, గవేధువను గడ్డి, వెదురు, నరము.
>
> వీనిలో తాడి, వెదురు, జిల్లేడు, జనుము నేటికిని పాలమూరు పొలిమేరలలో కనబడునవే.

నల్లమల పెంటలో

కల్వకుర్తి నుండి దక్షిణముగ సాగి, అచ్చంపేట దాటి మన్ననూరు ఘట్టమెక్కినంతనే నేల మారును, గాలి మారును. అది అమ్రాబాదు పీఠభూమి, చెంచుల తావు. అప్పాపూరు, భౌరాపూరు మొదలైన పెంటలలో, అనగా చెంచుగూడెములలో, వేరుగడ్డలు త్రవ్వి, కొండచరియల నుండి త్రాళ్లపై వ్రేలాడి తేనె తీసి, బంక ఏరి బ్రతికిన ఈ జనులకు విల్లు ఆయుధము మాత్రమే కాదు, మగవాని వెంట నడచు తోడు. శ్రీశైలపు ప్రాకారశిల్పములలోని వేటదృశ్యములు చూచినవారికి, కన్నప్ప కథ విన్నవారికి, ఈ సీమలో విల్లునకు భక్తికి గల చుట్టరికము వేరుగ చెప్పనక్కరలేదు.

1940లో ఆస్ట్రియాదేశపు మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ ఈ పెంటలకు వచ్చెను. అంతకు కొలది యేండ్లకు ముందు ఈశాన్యపు కొండలలో కోన్యక్ నాగుల నడుమ నివసించి వచ్చినవాడు. రెండవ ప్రపంచయుద్ధము తెచ్చిన నిర్బంధము వలన నిజాము రాజ్యము దాటిపోలేని స్థితిలో, ఆ కాలమును చెంచుల జీవనమును లిఖించుటకు వినియోగించెను. 1943లో వెలువడిన అతని గ్రంథము నేటికిని చెంచులను గూర్చి చదువువారికి తొలిమెట్టు. భార్య బెట్టీతో కలిసి పెంటలలో విడిది చేసి, వారి గుడిసెలు, పనిముట్లు, విండ్లు, నడవడి కన్నులార చూచి వ్రాసిన గ్రంథమది.

చెంచువాని విల్లు వెదురుది. అతనికి కొలిమి లేదు. కావున బాణపు ములికి మైదానపు కమ్మరి వద్దనుండి రావలసినదే. అడవి వెదురునిచ్చెను, ఊరు ఇనుమునిచ్చెను. చెంచు వాని రెంటిని కూర్చెను. అడవికిని ఊరికిని నడుమ అనాదిగ సాగిన ఇచ్చిపుచ్చుకోళ్లకు ఒక్క బాణమే చాలిన సాక్ష్యము.

వెదురువిల్లు పని దగ్గర నుండి చూడదగినది. లోపల గుల్ల తక్కువగా నున్న ముదురు వెదురును, చలికాలమున నరికినచో, కొయ్యలో పిండి పదార్థము తక్కువగుటచే పురుగు త్వరగ పట్టదు. బద్దగ చీల్చిన పిదప నీడను ఆరవలెను. పొయ్యిమీది పొగ దానికి మందు. వెదురు బలమంతయు పైతోలునకు ఆనుకొనిన నారలోనే యుండును గనుక ఆ తోలును కత్తి తాకరాదు. చెక్కుట యంతయు లోపలి ప్రక్కనే. త్రాడు బిగించి మెల్లగ లాగి చూచినప్పుడు ఒక రెక్క వంగి, రెండవది బిగిసి నిలిచినచో, బిగిసినదానినే పలుచన చేయవలెను. వంగినదానిని తాకిన విల్లు పాడు. ఒక్క పొర గీకుట, పదిసార్లు లాగి చూచుట. మరల ఒక్క పొర. గీకిన పొరను ఎవ్వరును తిరిగి అతికింపలేరు గనుక, ఈ పనికి నైపుణ్యము కంటె ముందు కావలసినది ఓర్పు.

మెరుగు అనగా పైపూత కాదు

ఆకృతి కుదిరిన కొయ్యకు మెరుగు పెట్టుట పనికి చివరి అంకమని పలువురు తలంతురు. నిజమునకు మెరుగు కొయ్యను ఎన్నుకొన్నప్పుడే మొదలగును. చేవ గల భాగము వేరు, వెలుపలి తెల్లభాగము వేరు. తెల్లభాగమున పురుగు చేరును, నూనె ఎంత పోసినను రంగు నిలువదు. కొయ్యనార పిడి పొడవునకు సాగియుండవలెను. పిడి నడుము సన్నగిలిన చోట నార అడ్డముగ పోయినచో, ఎంత మెరసిన పిడియైనను అక్కడనే పుటుక్కుమనును. ఆరిక విషయమున వడ్లవారి వాడుకలెక్క, అంగుళము మందమునకు ఒక సంవత్సరము. పచ్చికొయ్యతో చేసిన పిడి తొలివేసవిలోనే పగులు చూపును.

పాశ్చాత్యులు తుపాకిదిమ్మలకు అక్రోటుకొయ్యను శ్రేష్ఠముగ నెంచిరి. అది తేలిక, నిలకడ గలది, దెబ్బకు ఓర్చునది. మనకు టేకు అందుబాటున నున్నది, కాని దాని స్వభావసిద్ధమైన నూనె పైపూతను త్వరగ పట్టనీయదు. జిట్రేగి బరువైనను గట్టి పట్టు నిచ్చును, మెరుగునకు ముదురువన్నె తేలును. నల్లతుమ్మ బండిచక్రమునకు పేరు పొందినది, కాని దాని నార అల్లిబిల్లిగ నుండుటచే చిత్రిక పట్టుచో పేళ్లు లేచును. గొడ్డలికామలకును, విండ్లకును చరాచికొయ్య వంగి విరుగని గుణము వలన ప్రసిద్ధము.

> మెరుగు పెట్టు క్రమము
>
> 1. ఆకురాయి గీతలు పోవువరకు ఉప్పుకాగితము: ముందు 80 నంబరు, పిదప 120, 180, 220, ఎల్లప్పుడును నార సాగిన దిక్కుననే.
>
> 2. తడిగుడ్డతో ఒకమారు తుడిచి ఆరనిచ్చినచో, అణగియున్న నూగు లేచి నిలుచును. దానిని సన్ననికాగితముతో తీసివేయవలెను. ఈ పని చేయనిచో తొలిచెమటకే పిడి గరుకెక్కును.
>
> 3. అవిసెనూనెను పలుచగ రాచి, పీల్చుకొనగ మిగిలినది పూర్తిగ తుడిచివేయవలెను. ఒక పూత ఆరిన పిదపనే మరియొక పూత.
>
> 4. కొయ్యకొనలు అడ్డకోత గనుక ఎక్కువ త్రాగును. అచట పూతలును ఎక్కువ పడవలెను.
>
> 5. నూనెగుడ్డలను కుప్పగ పడవేయరాదు. అవి తమంత తామే వేడెక్కి అంటుకొనగలవు. పరచి ఆరవేయవలెను, లేదా నీట ముంచవలెను.

పాలమూరు వేరుసెనగకును ఆముదమునకును పేరుపడిన జిల్లా. ఇంట నున్న ఆ నూనెనే రాచిన చాలదా అని కొందరడుగుదురు. చాలదు. అవిసెనూనె గాలిలోని ప్రాణవాయువును పీల్చి గట్టిపడి కొయ్యలో పొరగ మారును. వేరుసెనగనూనె, ఆముదము ఎన్నటికిని అట్లు గట్టిపడవు, జిడ్డుగ మిగిలి దుమ్మును పట్టును. లక్కపూత అద్దమువలె మెరయును గాని, చెమట పట్టిన చేతికి జారును, దెబ్బ తగిలినచో రేకులుగ లేచును. గోడను వ్రేలాడు వస్తువునకు లక్క యందము. చేత పట్టు వస్తువునకు నూనెయే క్షేమము. నూనె పట్టిన పిడి వాడినకొలది నునుపెక్కును, గీత పడినను ఇంటిలోనే సరిచేసికొనవచ్చును.

తమ గుర్తు నిలుపుకొనుట యిటు తరువాతి మాట. పిడిపై సన్నని గళ్లు కోయుట చెమటచేతికి పట్టు నిచ్చును. ఇత్తడిపువ్వు పొదుగుట, పేరు చెక్కుట కన్నులకు విందు. అయినను మంచి పనివాడు పిడి నడుమున లోతుచెక్కడము చేయడు; సొగసుకొరకు తీసిన ప్రతి గాటును అచట బలమును తినును.

విశాలలోకమున

యంత్రధనుస్సు చీనాదేశమున ప్రాచీనకాలముననే కంచుమీటలతో రూపొందినది. 1974లో బయల్పడిన చిన్ చక్రవర్తి మట్టిసైన్యపు గోతులలో వాని యవశేషములు దొరకినవి. ఐరోపాలో దాని భీకరత్వమునకు జంకి, 1139లో రెండవ లాటెరన్ మతసభ క్రైస్తవులపై దానిని ప్రయోగించుట నిషేధించినది. నిషేధము యుద్ధమున దాని వాడుకను ఆపలేదు, కాని తుపాకి వచ్చి ఆ పని చేసినది. యుద్ధము విడిచిన ఆయుధమును స్విట్జర్లాండు మొదలైన దేశముల పల్లెలు గురిపోటీలకు చేరదీసినవి. 1956లో దానికొక అంతర్జాతీయ సంఘమే యేర్పడినది. ప్రాణము తీయు పని పోయినను, కొయ్యను మలచు పని పోలేదు. పోటీకి వచ్చువాడు తన చెంపకు, తన భుజమునకు తగిన దిమ్మను చేయించుకొనుచునే యున్నాడు. మన వింటికిని ఇట్టి రెండవజన్మ యెందులకు కలుగరాదు?

చేయి విడిచిన కాలము

వింటికి మనసీమలో పట్టు సడలిన కారణములు రెండు తీరులవి: ఒకటి అడవిలోనిది, ఒకటి ఊరిలోనిది. 1972 వన్యప్రాణి సంరక్షణచట్టముతో వేట నేరమైనది. 1978లో అభయారణ్యమై, 1983లో పులుల రక్షితప్రాంతమైన నాగార్జునసాగర్-శ్రీశైలము అడవినుండి, రాష్ట్రవిభజన పిదప తెలంగాణ భాగము అమ్రాబాదు పులుల అభయారణ్యముగ వేరైనది. దాని విస్తీర్ణము 2,611 చదరపు కిలోమీటర్లు. పులి బ్రతుకవలసినదే, అడవి నిలువవలసినదే. ఇందు రెండు మాటలు లేవు. అయితే వేటతోపాటు విల్లు చేయు నేర్పును నేరముల జాబితాలోనికి జారినట్లు చెంచుబిడ్డలు భావించుట మాత్రము మనకు తీరనినష్టము.

ఊరిలో ట్రాక్టరు వచ్చినది, కొయ్యనాగలి అటకెక్కినది. కల్లములో ధాన్యము కొలిచి వడ్లవాని వాటా వేరుగ పెట్టు ఆచారము చెదరినది. ఏండ్ల తరబడి కరవు కాచిన ఈ జిల్లానుండి కూలి వెదకుకొనుచు బొంబాయి పోయిన జనములో బాడిసె పట్టిన చేతులును కలవు. ఊరిలో మిగిలిన పనివారికి తలుపులు, కిటికీలు, మంచములు మిగిలినవి. అవియును నేడు ప్లైవుడ్డునకు, యంత్రపు కోతకు తావిచ్చుచున్నవి. మసి పూసి పట్టు చూచు పనికి కూలి కట్టువాడు అరుదు.

> చట్టము చెప్పునది
>
> వన్యప్రాణి సంరక్షణచట్టపు నిర్వచనములో విల్లంబులును ఆయుధములే. కావున రక్షితారణ్యమున విల్లు పట్టుకొని తిరుగుట తగాదాకు త్రోవ.
>
> 2006 అటవీహక్కుల చట్టము చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై స్థానిక గిరిజనులకు హక్కు నిచ్చినది. వెదురు ఆ ఉత్పత్తులలో చేరియున్నది. అదే చట్టము సంప్రదాయహక్కులలోనుండి వేటను స్పష్టముగ మినహాయించినది.
>
> రెంటిని కలిపి చదివినచో తేలునది: వెదురు సేకరించి వస్తువు చేయు హక్కు నిలిచినది, వేట ముగిసినది.

గురువులను గుర్తించుడు

రాజస్థానపు ఆదివాసి బాలుడు లింబారామ్ ఇంటిలో చేసిన వెదురువింటితో గురి నేర్చినవాడు. 1987లో గిరిజనప్రాంతములలో ప్రతిభను వెదకుచు వచ్చిన క్రీడాధికారుల కంటబడి, మరుసటియేడు సియోల్ ఒలింపిక్సునకు పోయెను. 1992లో బీజింగులో ప్రపంచరికార్డును సమము చేసెను. ఆ గెలుపునకు పునాది స్టేడియమున పడలేదు, పల్లెలో పడినది. వెదురుబద్దను చెక్కి, వంచి, విరిచి, మరల చెక్కిన బాలునికి విల్లు చేతికి కొత్త గాదు. ఆ యెరుకపై శిక్షణ నిలిచినది.

మన్ననూరులో చెంచులకొరకు గిరిజనాభివృద్ధి సంస్థ యున్నది, ఆశ్రమపాఠశాలలున్నవి, వెదురు ఉన్నది, ఆ వెదురును చదువగల పెద్దలు ఇంకను పెంటలలో నున్నారు. కల్వకుర్తిలో, నాగర్‌కర్నూలులో, దేవరకొండలో బాడిసె విడువని వడ్లవారున్నారు. వీరిని వారిని ఒకచోట చేర్చి, పాఠశాల మైదానమున గడ్డిబొమ్మను గురిగ నిలిపి, పిల్లవాడు తన విల్లును తానే చేసికొని ఎక్కుపెట్టునట్లు చేయుటకు కోట్లు అక్కరలేదు. చెంచుపెద్దకును వడ్లపెద్దకును గౌరవవేతనమిచ్చి, గురువు అను పేరిచ్చి తరగతిలో నిలుపు మనసు కావలెను. తాత నేర్పు పనికిమాలినదని నమ్మి పెరుగుచున్న బిడ్డ, ఆ నేర్పే బడిలో పాఠమగుట చూచినచో, తలయెత్తి నడచుట నేర్చుకొనును.

విలుకాండ్రను తయారుచేయుటకే యీ మాట చెప్పుట లేదు. చేయి నొచ్చిన చోటెరిగి అచ్చోటనే సవరించు బుద్ధి, తీసిన పొర తిరిగి రాదని తెలిసి ఆచితూచి మెలగు సంయమము, వస్తువు మనిషికొరకు గాని మనిషి వస్తువుకొరకు గాదను ఎరుక: ఇవి ఏ వృత్తిలోనికి పోయినను పిల్లవానిని కాపాడును. ఈ సీమ ఈ విద్యను పుస్తకముల సాయము లేకయే తరతరములుగ చేతినుండి చేతికి అందించినది. అందుకొనవలసిన చేతులు బడులలో నున్నవి. అందించవలసిన చేతులు వృద్ధములైనవి. ఈ రెంటిని కలుపు పని వచ్చు తరమునకు వాయిదా వేయదగినది కాదు, ఎందుకనగా అప్పటికి నేర్పువారుండరు.